తాళపుచెవుల వాయనము

అక్షతలు అందరి చేతికి అందినవి గదా. వెనుక కూర్చున్నవారు కొంచెము ముందుకు జరుగుడు. వీధి తలుపు గడియ తీసియే ఉంచుడు. మూసిన తలుపుల నడుమ ఈ కథ చెప్పరాదని పెద్దల కట్టడి. ద్వారలక్ష్మీదేవికి మనసులో నమస్కరించి, ముచ్చట్లు కట్టిపెట్టి వినుడు.

పూర్వమొకానొక నదీతీరమున పర్ణకుటి అను మహర్షి నివసించుచుండెను. ఆయనకు తాటాకులు కప్పిన పాక ఒక్కటియే ఉండెను. అందులో ఆయన పడుకొనగా మిగిలిన చోట ఎవరో యొక బాటసారి పడుకొనుచుండెను. ఒకనాడు శీలవంతుడను ముని దేశములు తిరిగి తిరిగి అలసి, ఆ పాకకు వచ్చి, కాళ్ళు కడుగుకొని, మహర్షికి మ్రొక్కి ఇట్లడిగెను: “మహాత్మా, నేను చూచిన పట్టణములలో ఒక వింత కలదు. ఒక్కొక్క కుటుంబమునకు వీధి పొడవునా ఇండ్లున్నవి. అన్నిటికిని తాళములే. ఆ ఇండ్లను కట్టినవారికి, ఊడ్చినవారికి తలదాచుకొన చోటు లేదు. పోనీ, ఉన్నవారైన సుఖముగా ఉన్నారా యనగా వారును లేరు. ఈ దోషము ఏ వ్రతము వలన తొలగును? మునుపెవరైన ఆచరించి బాగుపడిరా?”

పర్ణకుటి మహర్షి చిరునవ్వు నవ్వి, “నాయనా, అడుగవలసిన మాటయే అడిగితివి. ద్వారలక్ష్మీ వ్రతమని ఒకటి కలదు. సామగ్రికి ఖర్చు లేదు, చేయుటకు మాత్రము చేయి రాదు. హేమాంగి అను ఇల్లాలు దానిని శ్రద్ధగా చేసి బాగుపడెను, మఱచి చెడెను, తప్పుగా చేసి మఱింత చెడెను, తుదకు సరిగా చేసి తరించెను. ఆమె కథ చెప్పెదను, వినుము” అని ఇట్లు చెప్పసాగెను.

మణికూటపురమను పట్టణమున రత్నగుప్తుడను వర్తకుడు కలడు. అతని భార్య హేమాంగి. కాపురమునకు వచ్చిన కొత్తలో వారికి స్వంత ఇల్లు లేదు. మాచమ్మ అను వృద్ధురాలి ఇంటిలో ఒక వసారా అద్దెకు తీసుకొని, అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే భర్త అమ్మెడు కర్పూరము, జాజికాయల మూటలు పెట్టుకొని కాలము గడుపుచుండిరి. మాచమ్మకు పిల్లలు లేరు. ఆమె హేమాంగిని చేరదీసి ద్వారలక్ష్మీ వ్రతము నేర్పెను. కార్తీక గురువారమున గడప కడిగి, పసుపు రాచి, ముగ్గు పెట్టి, దీపముంచి, సంజె చీకటి పడువరకు తలుపు మూయకుండుట ఆ వ్రతమునకు నియమము. హేమాంగి ఉపవాసముండి అట్లే చేసెను.

ఆ సాయంకాలము మాచమ్మ ఒక పళ్ళెములో పసుపు, కుంకుమ, నానిన శనగలు పెట్టి, శనగల మీద ఒక తాళపుచెవి ఉంచి హేమాంగి ఒడిలో పోసెను. హేమాంగి ఆశ్చర్యపడి చేయి వెనుకకు తీసికొనబోగా, మాచమ్మ గట్టిగా మందలించెను.

“పుచ్చుకోవే పిల్లా! నాకు రెండిళ్ళున్నాయి, పడుకునేది మాత్రం ఒక్క మంచం మీదే. పక్కిల్లు ఇక నీది. అయితే ఒక్కటి మనసులో పెట్టుకో. నువ్వుండే ఇల్లు పోను ఇంకోటి నీ చేతికొచ్చిందా, దాని తాళంచెవి ఇలాగే శనగల మీద పెట్టి, ఇల్లు లేని ఆడమనిషికి ఇయ్యి. ఆనాడే నీ నోము తీరినట్టు.”

హేమాంగి కన్నీళ్ళతో ఒడి పట్టి, పుచ్చుకుంటినమ్మా వాయనమని పలికెను. అటు పిమ్మట కొంతకాలమునకు మాచమ్మ స్వర్గస్థురాలాయెను.

స్వంత ఇంట దీపము పెట్టిన వేళావిశేషమేమో గాని, రత్నగుప్తుని వ్యాపారము మూడు పువ్వులు ఆరు కాయలుగా పెరిగెను. కూతురు పుట్టెను, మల్లిక అని పేరు పెట్టిరి. రెండవ ఇల్లు కొనిరి. అప్పుడు హేమాంగికి మాచమ్మ మాట గుర్తుకు రాకపోలేదు. కాని పిల్ల పెరిగిన తరువాత దానికొకటి ఉండవలదా యని సర్దిచెప్పుకొనెను. మూడవది మల్లికకు పుట్టబోవు బిడ్డకనెను. నాలుగవది ఆ బిడ్డకు పుట్టబోవు బిడ్డకనెను. ఇంకను భూమి మీద పడని మునిమనుమలకు కూడ అరుగులతో సహా ఇండ్లమర్చిన ఇల్లాలిని ఆ పట్టణము అంతకుముందు చూడలేదు. ఇట్లు వీధి ఈ కొసనుండి ఆ కొసవరకు వారిదే ఆయెను. తాళపుచెవుల గుత్తి నడుమున దోపుకొనగా దాని బరువునకు ఆమె నడక ఒక ప్రక్కకు ఒఱిగెను. ఆ గుత్తి చప్పుడు వినబడినంతనే వీధిలో ఆడుకొను పిల్లలు అరుగులు దిగి పారిపోవుచుండిరి. ఆమెకది గౌరవముగా తోచెను.

మొదట ఆ ఇండ్లలో అద్దెకుండువారు ఉండిరి. కొంతకాలమునకు రత్నగుప్తునకొక ఆలోచన పుట్టెను. మనుషులుండిన గోడలు మాయును, పొయ్యి పొగకు దూలములు నల్లబడును. ఊరగాయ జాడీ వలె మూత తీయకుండ ఉంచిననే ఇల్లు చెడక, విలువ దానంతటది పెరుగునని అతడు భార్యకు నచ్చజెప్పెను. ఒక్కొక్కరినే ఖాళీ చేయింపసాగిరి. ఎదురింటిలో పోలమ్మ అను మంత్రసాని అద్దెకుండెను. మల్లిక ఆమె చేతులలోనే పుట్టినది. ఆ వీధిలో ఆమె చేతి మీదుగా భూమి మీద పడని పిల్ల లేదు. ఆమె వద్దకు హేమాంగి తానే పోయి తాళపుచెవి అడిగెను.

“అద్దె పెంచాలంటే పెంచండి అమ్మగోరూ, ఎలాగో తంటాలు పడతాను. ఈ ఇల్లొదిలితే ఊళ్ళో నాకింకెవరిస్తారు?” అని పోలమ్మ బ్రతిమాలెను.

“అద్దె గురించి కాదు పోలమ్మా. ఎవరికీ ఇవ్వటం లేదు, తాళం వేసి ఉంచుతాం.”

“మనుషులకి ఇవ్వక తాళానికి ఇస్తారా అమ్మగోరూ?”

హేమాంగికి కోపము వచ్చెను. చేయి చాచి తాళపుచెవి పుచ్చుకొని వెనుదిరిగెను. పోలమ్మ నది దాటి అవతలి ఇసుక మేట మీద పాక వేసికొనెను.

ఆమె వెంట కుమ్మరి పోయెను, చాకలి పోయెను, పాలవాడు పోయెను, పైకప్పు పెంకులు సరిచేయువాడు పోయెను. పడవవాడు కూడ ఇల్లు దొరకక, పడవను అవతలి ఒడ్డుననే కట్టి అక్కడనే కాపురము పెట్టెను. చివరకు పురోహితుడును మూట సర్దుకొని నది దాటెను. ఇది ఈ కథ చెప్పువాని కడుపుమంట యని తలపకుడు. మహర్షి చెప్పినదే చెప్పుచున్నాను.

ఆ ఏడు కార్తీక గురువారము ద్వారలక్ష్మి ముదుసలి రూపమున ఒక ప్రమిద చేత పట్టుకొని హేమాంగి గుమ్మమున నిలిచెను. ఈ దీపము కొండెక్కువరకు కూర్చుండుటకు ఒక అరుగు చూపుమని అడిగెను. హేమాంగి నడుము మీద చేయి వేసికొని, ఏ ఇల్లును ఖాళీ లేదని చెప్పి పంపివేసెను. ఆ మాట అనుచున్నంతసేపు తాళపుచెవులు గలగలలాడుచునే ఉండెను. ముదుసలి ప్రమిదతో వెడలిపోయెను. మఱునాటినుండి ఆ ఇంటి గడపకు ఎంత పసుపు రాచినను నిలువక రాలిపోసాగెను.

ఊరిలో మనుషులు లేనిచో కర్పూరము కొనువారెవరు? రత్నగుప్తుని దుకాణమున ఈగలు తోలుకొనుటయే పని ఆయెను. వానకు ఇల్లు కారుచున్నను కప్పు ఎక్కువాడు లేడు. అప్పుడు హేమాంగికి భయము కలిగి, వ్రతము మఱచుట వలననే ఇదంతయు వచ్చినదని గ్రహించి, మరల చేసెదనని సంకల్పించెను. ఇంతవరకు బాగుగనే ఉన్నది. తాళపుచెవి ఇచ్చుటకు మాత్రము ప్రాణమొప్పలేదు. ఆమె ఆడపడుచు వసుంధర అను ఆమె కలదు, పై వీధిలో ఆమెకును ఇట్లే ఇండ్లుండెను. హేమాంగి ఆమెను పిలిచి శనగల మీద తాళపుచెవి పెట్టి ఇచ్చెను. వసుంధర పుచ్చుకొని, తన తాళపుచెవిని అట్లే తిరిగి ఇచ్చెను. దీపము పెట్టు వేళకు ఎవరిది వారు భద్రముగా నడుమున దోపుకొనిరి. శనగలు మాత్రము తాలింపు వేసికొని తినిరి. పురోహితుడు లేడు గనుక కథ వినకయే అక్షతలు వేసికొని, వ్రతము సంపూర్ణమాయెనని అనుకొనిరి. దేవతను ఇంతమాత్రమున మోసగింపవచ్చునని అనుకొనుట వారికే చెల్లెను.

మఱుసటి ఏడు మల్లిక తొలి కాన్పునకు పుట్టింటికి వచ్చెను. హేమాంగికి కూతురన్న పంచప్రాణములు. గాజులు తొడుగుటకు మలారమువాడు దొరకకపోయినను, తన చేతి గాజులే తీసి తొడిగి మురిసెను. కార్తీక గురువారము ఉదయమున మల్లికకు నొప్పులు మొదలాయెను. అదే వేళకు గాలివాన పట్టెను. పెంకులు జరిగిన చోటినుండి నీరు ధారగా వంటింటిలో పడి పొయ్యి చల్లారిపోయెను. దేవుని ఎదుట దీపమును గాలి ఆర్పెను. చెకుముకి రాయి కొట్టిరి గాని దూది తడిసి రాజుకొనలేదు. పురిటి గదిలో మల్లిక చలికి వణకుచు అమ్మా అమ్మా యని కేకలు పెట్టుచుండెను. రత్నగుప్తుడు నది ఒడ్డునకు పరుగెత్తి, ఉత్తరీయము విసరుచు అవతలి ఒడ్డును పిలువసాగెను. హేమాంగి నిప్పు కొఱకు ఇరుగుపొరుగును అడుగుదమని పిడక చేత పట్టుకొని వీధిలోనికి వచ్చెను.

నిప్పు అడుగుట మన ఇండ్లలో సిగ్గుపడవలసిన పని కాదు గదా. ఏ ఇంటి పొయ్యి ముందు వెలిగిన, ఆ ఇంటినుండి పిడక మీద నిప్పు తెచ్చుకొనుట ఇల్లాండ్రకు అలవాటే. హేమాంగి పొరుగింటి తలుపు తట్టబోయి ఆగెను. తాళము ఉండెను. దాని చెవి ఆమె నడుముననే ఉండెను. తెరచి లోనికి పోయెను. పొయ్యిలో బల్లి గుడ్లు పెట్టి ఉండెను. దాని ప్రక్క ఇల్లు తెరచెను. అచ్చట పొయ్యియే కట్టలేదు. ఆ పై ఇల్లు తెరచెను. బూజు ముఖమునకు చుట్టుకొనెను. మునిమనుమని ఇల్లు తెరచెను. నేల మీద ఒక్క మనిషి అడుగు జాడయు లేదు. వానలో తడిసి, జుట్టు విడిపోయి, ఇల్లిల్లు తెరచుకొనుచు ఆమె వీధి కొసవరకు పోయెను. ఆ వీధియంతయు ఆమెదే. ఆ వీధిలో ఒక్క పొయ్యిలోనైన నిప్పు లేదు. కన్న కూతురు చలికి వణకుచుండగా నిప్పు అడుగుటకు ఒక్క పొరుగు మనిషిని కూడ మిగుల్చుకొనలేకపోతినని ఆమెకు అప్పుడు తెలిసి, గుండెలు బాదుకొని ఏడ్చెను.

ఏడ్చుచు వెనుకకు వచ్చి, చివరగా తన ఎదురింటి తాళము తీసెను. అది పోలమ్మ ఉండిన ఇల్లు. లోపల పొయ్యి శుభ్రముగా అలికి, దాని మీద ముగ్గు పెట్టి ఉండెను. ప్రక్కన ఎండు పుల్లలు పేర్చి, పైన తాటాకు కప్పి ఉండెను. ఇల్లు విడుచునప్పుడు పోలమ్మ, తరువాత వచ్చు ఇల్లాలు తొలి నాడే పుల్లలకై వెదుకుకొన నక్కఱ లేకుండ, మన ఆడవారు చేయు పద్ధతిలోనే చేసి పోయెను. ఆ తరువాత వచ్చు ఇల్లాలు రానే లేదు. ముగ్గు పెట్టినది పెట్టినట్లే ఉండెను.

హేమాంగి ఆ పొయ్యి ముందు కూలబడి, చేతులు జోడించి, “తల్లీ, ద్వారలక్ష్మీ! నేను మూసిన తలుపులు నా బిడ్డ మీద పడుతున్నాయి. దాన్ని కాపాడు. ఈ గుత్తిలో నా ఇంటిది ఒక్కటి తప్ప అన్నీ ఇచ్చేస్తాను. మళ్ళీ అడగను” అని మ్రొక్కెను.

అంతలో వీధిలో అడుగుల చప్పుడాయెను. రత్నగుప్తుని వెనుక పడవవాడు, అతని వెనుక పోలమ్మ వచ్చుచుండిరి. పోలమ్మ కొంగు చాటున ఒక మట్టి కుండ ఉండెను. దాని నిండ నిప్పులుండెను.

“ఈ వీధిలో నిప్పు దొరకదని నాకు తెలుసు, అందుకే వెంట తెచ్చుకున్నాను. ఏడుపు తరవాత అమ్మగోరూ, ముందు నీళ్ళు పెట్టండి” అని కుండలోని నిప్పు కొంత ఆ పొయ్యిలో వేసి, ఆమె మల్లిక ఉన్న ఇంటిలోనికి పోయెను.

పోలమ్మ నిప్పు, పోలమ్మ పుల్లలు, పోలమ్మ పొయ్యి. ఆ పొయ్యి మీద నీళ్ళు కాచి హేమాంగి బిందెలతో తన ఇంటికి మోసెను. జాము గడిచిన తరువాత మల్లిక ఆడపిల్లను కనెను. బిడ్డ కదలలేదు, ఏడ్వలేదు, నీలముగా ఉండెను. పోలమ్మ మిగిలిన నిప్పుల కుండను దగ్గఱకు జరిపి, బిడ్డను ఆ వేడిన పట్టుకొని వీపు రాచుచునే ఉండెను. రాచుచునే ఉండెను. అప్పుడు ఆ పసికందు నోరు తెరచి ఏడ్చెను. ఆ ఏడుపు ఖాళీ వీధి అంతయు వినబడెను.

ఆ సాయంకాలము వాన వెలిసినది. హేమాంగి ఎదురింటి గడప కడిగి పసుపు రాచెను. ఆ పసుపు నిలిచెను. పళ్ళెములో శనగలు పోసి, శనగల మీద ఆ ఇంటి తాళపుచెవి పెట్టి, పోలమ్మ ఎదుట నిలిచి, ఇస్తినమ్మా వాయనమని పలికెను. పోలమ్మ వెంటనే ఒడి పట్టలేదు.

“అద్దెకా అమ్మగోరూ?”

“కాదు పోలమ్మా. వాయనం.”

“వాయనమంటే మళ్ళీ అడగరు కదా?”

“అడగను. నా కూతురి మీద ఒట్టు.”

“ఒట్టెందుకు లెండి, పచ్చి బాలింత” అని పోలమ్మ ఒడి పట్టి, పుచ్చుకుంటినమ్మా వాయనమనెను. తాళపుచెవి కొంగున ముడి వేసికొనుచు ఆమె కన్నులు తుడుచుకొనెను. హేమాంగియు తుడుచుకొనెను.

తక్కిన తాళపుచెవులు కూడ ఒక్కొక్కటిగా కుమ్మరి భార్యకు, చాకలి భార్యకు, పడవవాని తల్లికి ముట్టెను. రత్నగుప్తుడు మునిమనుమల సంగతేమని గొణిగెను. వారికి మంత్రసాని అక్కఱ లేదా యని భార్య అడిగెను. నెల తిరుగకముందే ఆ వీధిలో ప్రతి ఇంటి కప్పు నుండియు పొగ లేచెను. కప్పు ఎక్కువాడు వచ్చి పెంకులు సర్దెను. ఉదయమే పాలవాని కేక వినబడెను. జనము పెరుగగా కర్పూరము కొనువారు బారులు తీరిరి. రత్నగుప్తుడు మునుపటికంటె సంపన్నుడై, ఇది తన తెలివియేనని చెప్పుకొనుచుండెను. పోనిమ్ము. హేమాంగి నడక మాత్రము తిన్నగా ఆయెను.

ఇది చూచి వసుంధరయు వ్రతము చేసి తాళపుచెవులు పంచిపెట్టెను గాని, ఒక్కొక్కదానికి మాఱు చెవి చేయించి పెట్టెలో దాచుకొనెను. ఒకనాడు ఆమె ఊరికి పోయి వచ్చి తన ఇంటి తాళము తీయబోగా అది తెరచుకొనలేదు. ఏ చెవియు పట్టలేదు. ఎండలో తన అరుగు మీదనే కూర్చుండి చెమటలు కార్చుచుండెను. ఎదురింట కొత్తగా చేరిన కుమ్మరి కోడలు మజ్జిగ తెచ్చి, లోపలికి వచ్చి కూర్చుండుమని పిలిచెను. ఆ మజ్జిగ త్రాగిన తరువాత వసుంధరకు బుద్ధి వచ్చి, మాఱు చెవులన్నియు ఎవరివి వారికి ఇచ్చివేసెను. అప్పుడు ఆమె తాళము తనంతట తాను ఊడెను.

ఇట్లు చెప్పి పర్ణకుటి మహర్షి ఊరకుండగా, శీలవంతుడు సంతోషించి ఆ రేయి మహర్షి పాకలోనే, మిగిలిన ఆ చోటనే పరుండి, మఱునాడు ఈ వ్రతమును లోకమున చాటుటకు బయలుదేరెను.

ఒక ఇల్లు పోను మఱియొక ఇల్లు గలవారెల్లరు ఈ వ్రతము చేయవలెను. ఇండ్లు పెరుగుచు పొరుగు తఱుగుచున్నవారు మఱి మఱి చేయవలెను. పుట్టని మనుమలకు ఇల్లు కొన్నవారు తప్పక చేయవలెను. వాయనము ఇల్లు లేనివారికే ఇయ్యవలెను. చుట్టములకు, పేరు మార్చిన తమవారికి ఇచ్చిన అది వాయనము కాదు. అంత శక్తి లేనివారు న్యాయమైన అద్దెకు ఇచ్చి తలుపు తెరచినను దేవి సంతోషించును. తాళము వేసి దీపము పెట్టినవారి దీపమును మాత్రము ఆమె చూడదు. ఈ వ్రతము చేసినవారి ఇంట నిప్పు ఆరదు, ఆరినను పొరుగింట దొరకును. వారి పిలుపునకు పలుకువారుందురు. వారి బిడ్డలు భూమి మీద పడు వేళకు వెచ్చని చేతులు సిద్ధముగా ఉండును. ఇల్లు లేక ఈ కథ విన్నవారికి ఏడు తిరుగకముందే స్వంత గడప కలుగును.

కథ ముగిసినది. అక్షతలు ఇంకను తల మీద వేసికొనకుడు. అమ్మలారా, అయ్యలారా, ముందు మీ తాళపుచెవులు బయటికి తీయుడు. ఈ రేయి మీరు పడుకొనబోవు ఇంటిది ఒకటి తీసి ప్రక్కన పెట్టుకొనుడు. మిగిలినవి ఇదిగో, ఈ పళ్ళెములో, ఈ శనగల మీద ఉంచుడు. అటు పిమ్మట అక్షతలు వేసికొందము. వీధి తలుపు తెరచియే ఉన్నది, గడప దగ్గఱ ఎవరో వచ్చి నిలుచున్నారు.